పొట్ట మీదో గజ్జలోనో గడ్డ కనబడితే: ముందు స్కానా, సర్జనా? నల్గొండ, పాలమూరు వాళ్ళకు నా సలహా

మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ. ముప్పై ఏళ్ళు 50 కిలోల బస్తాలు మోసిన మనిషి. రెండేళ్ళ కింద కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు వస్తోందని అమ్మకు చెప్పాడు, అమ్మ నాకు చెప్పింది, నేను పెద్ద తెలివైనవాణ్ణనుకుని మర్నాడు పొద్దున్నే పరగడుపున ఆయన్ను తీసుకుపోయి ఒక స్కానింగ్ సెంటర్‌లో కూర్చోబెట్టాను. డాక్టర్ చీటీ లేదు, ఏం లేదు. "కడుపు స్కానింగ్" అన్నాను, డబ్బులు కట్టాను. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, జెల్ రాసి, ఐదు నిమిషాల్లో ముగించారు. లివర్ బాగుంది, కిడ్నీలు బాగున్నాయి, ప్రోస్టేట్ కొంచెం పెరిగింది అని రిపోర్టు. గజ్జ గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది, గజ్జలో చూడమని మేము అడగనే లేదు, పైగా పడుకోగానే ఆ ఉబ్బు లోపలికి పోయింది. "నార్మల్" అన్న మాట విని నాన్న ఇంకో రెండు నెలలు బస్తాలు మోశాడు.

తర్వాత ఒక సర్జన్ దగ్గరికి పోతే ఆయన రిపోర్టు పక్కన పెట్టి, "పెద్దాయనా, లుంగీ వదులు చేసి నిలబడండి, మొహం అటు తిప్పి గట్టిగా దగ్గండి" అన్నాడు. నాన్న దగ్గాడు, సర్జన్ వేళ్ళ కింద ఉబ్బు తన్నింది. అంతే, నిమిషం కూడా పట్టలేదు. హెర్నియా, అంటే పొట్ట గోడలో సందు పడి లోపలి పేగో కొవ్వో బయటికి పొడుచుకు రావడం.

అందుకే ఇది రాస్తున్నా. గడ్డ కనబడగానే మనకు నాలుగు దారులు కనిపిస్తాయి: ఊళ్ళో ఆర్‌ఎంపీ, నేరుగా స్కానింగ్ సెంటర్, జిల్లా సర్కారు ఆసుపత్రి, లేదంటే హైదరాబాద్. ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది ఎవరి కొంప ముంచుతుందో, నాకు అనుభవంలో తెలిసింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది కలిపి చెప్తా. నేను డాక్టర్ను కాను, ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంట్లోనే చూసుకోదగ్గవి

మొదట తేల్చుకోవాల్సింది ఆ గడ్డ పొట్ట గోడలో ఉందా, గోడ వెనక లోపల ఉందా అన్నది. దీనికి డాక్టర్లు చేసే ఒక చిన్న పరీక్ష ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని తలా భుజాలూ కొద్దిగా పైకి లేపమంటారు. పొట్ట కండరాలు బిగుస్తాయి. గడ్డ అప్పుడు కూడా అలాగే తెలుస్తుంటే, లేదా ఇంకా పైకి పొడుచుకొస్తే, అది చర్మం కిందో గోడలోనో ఉన్నట్టు: కొవ్వు గడ్డ, హెర్నియా, పాత కుట్ల దగ్గరి గడ్డ. కండరం బిగియగానే మరుగున పడిపోతే లోపలి అవయవానిది. ఇది 1926లో కార్నెట్ అనే సర్జన్ రాసిన పద్ధతి, ఇప్పటికీ పైసా ఖర్చు లేని పరీక్ష. మీరే చేసుకుని మీరే తీర్పు ఇచ్చేయమని చెప్పడం లేదు, డాక్టర్ దగ్గర వివరం చెప్పడానికి ఉపయోగం, అంతే.

రెండోది, పడుకుంటే పోతుందా, దగ్గితే వస్తుందా. పోయి వచ్చేది దాదాపు హెర్నియానే. పోకుండా అక్కడే ఉండేది గజ్జలో ఉంటే నాలుగైదు రకాలు కావచ్చు: కాలి మీద పుండో ముల్లో ఉంటే ఆ వైపు గజ్జలో బిళ్ళ కడుతుంది, టీబీ వల్ల వెన్ను దగ్గర పుట్టిన చీము జారి గజ్జలో తేలుతుంది, వృషణం కిందికి దిగకుండా ఆగిపోయిన పిల్లలుంటారు, ఇరుక్కుపోయిన హెర్నియా కూడా అలాగే కదలకుండా ఉంటుంది. ఇక బుడ్డ, అంటే వరిబీజం, దాన్నీ హెర్నియానూ మనోళ్ళు ఒకే మాటతో చెప్పేస్తారు. తేడా సులువు: వరిబీజంలో గడ్డ పైన వేళ్ళతో పట్టుకోవచ్చు, చీకట్లో టార్చ్ వేస్తే నీళ్ళ సంచిలా ఎర్రగా వెలుగుతుంది. హెర్నియాలో గడ్డ పై అంచు చేతికి దొరకదు, గజ్జలోపలికి పోతూనే ఉంటుంది. పసిపిల్లల్లో మాత్రం ఈ టార్చ్ పరీక్షను నమ్మొద్దు, పల్చని పేగు కూడా వెలుగుతుంది.

ఆర్‌ఎంపీ దగ్గరికా?

జ్వరానికీ, బీపీ చూపించుకోవడానికీ ఓకే. గజ్జలో గడ్డకు మాత్రం వద్దు, నేను గట్టిగా చెప్తా. కారణం ఒక్కటే, ఎర్రగా వాచి నొప్పిగా ఉన్న గజ్జ గడ్డను సెగ్గడ్డ అనుకుని కోసేవాళ్ళున్నారు. ఆ గడ్డలో ఉన్నది పేగు అయితే? చీము బదులు మలం వస్తుంది, అప్పుడు మనిషి బతకడమే గొప్ప. సూది గుచ్చి లాగి చూద్దామన్నా ఒప్పుకోవద్దు. గజ్జలో, బొడ్డులో, పాత కుట్ల మీద ఉన్న ఏ గడ్డకైనా సర్జన్ చెయ్యి పడక ముందు కత్తీ సూదీ తగలకూడదు.

పొట్టలో బరువుగా ఉందని పోతే గ్యాస్ గోళీలు ఇవ్వడం ఇంకో ముచ్చట. మా చిన్నమ్మది దేవరకొండ దగ్గర పల్లె, ఏడాది పాటు గ్యాస్ గోళీలు మింగింది. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండేది, చీర కుచ్చిళ్ళ దగ్గర నడుము లావైందని తోటి ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, ఊరికూరికే మూత్రానికి పోయేది. తీరా చూస్తే అండాశయంలో పుచ్చకాయంత నీటి తిత్తి. అదృష్టం, క్యాన్సర్ కాదు. నలభై దాటిన ఆడమనిషికి కొత్తగా గ్యాస్, పొట్ట ఉబ్బరం మొదలై రెండు మూడు వారాలు తగ్గకపోతే అది గ్యాస్ అని మీకు మీరే తీర్మానించుకోకండి.

స్కానింగ్ సెంటర్‌కు నేరుగా పోవడం

నేను చేసిన తప్పు ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. స్కాన్ అనేది ఒక ప్రశ్నకు జవాబు. ప్రశ్న అడగకపోతే జవాబు రాదు. చీటీ మీద "కుడి గజ్జలో ఉబ్బు, నిలబెట్టి దగ్గించి చూడగలరు" అని సర్జన్ రాస్తే రేడియాలజిస్ట్ ప్రోబ్ గజ్జ మీద పెట్టి, మూతి బిగించి ముక్కమంటాడు, నిలబెట్టి చూస్తాడు, అప్పుడు చిన్న హెర్నియా కూడా దొరుకుతుంది. అది లేకుండా "కడుపు స్కానింగ్" అంటే లివర్ నుంచి మూత్రసంచి దాకా చూసి పంపిస్తారు, వాళ్ళ తప్పేం లేదు. నిజానికి స్పష్టంగా చేతికి తెలిసే గజ్జ హెర్నియాకు స్కానే అక్కర్లేదు. లావుగా ఉన్నవాళ్ళకు, ఉబ్బు కనబడకుండా నొప్పి మాత్రమే ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, ఒకసారి ఆపరేషన్ అయి మళ్ళీ వచ్చినవాళ్ళకు అవసరం పడుతుంది.

లోపలి గడ్డకైతే లెక్క వేరు, అక్కడ అల్ట్రాసౌండే మొదటి మెట్టు. అయినా డాక్టర్ ముందు పొట్ట తడిమి చూడాల్సిందే, ఎందుకంటే గడ్డ ఉన్న చోటే సగం కథ చెప్తుంది. కుడి పక్కటెముకల కింద లివర్, పిత్తాశయం. ఎడమ పక్కన ప్లీహం. నాభి పైన గుండెలా కొట్టుకునే గడ్డ, అరవై దాటిన బీడీ తాగే మగవాడికి, పెద్ద రక్తనాళం ఉబ్బినది కావచ్చు, దాన్ని పిసకడం తప్పు. కుడివైపు కింద అయితే నాలుగైదు రోజుల నొప్పి తర్వాత గడ్డకట్టిన అపెండిక్స్, లేదా మన దగ్గర ఇంకా బాగానే కనబడే పేగు టీబీ, లేదా పెద్ద వయసులో రక్తహీనతతో పాటు వచ్చే పెద్ద పేగు క్యాన్సర్. నాభి కింద మధ్యలో గర్భసంచి, అండాశయం, మూత్రసంచి. ఈ చివరిది నవ్వులాటకు చెప్పడం లేదు, ప్రోస్టేట్ అడ్డుపడి మూత్రం రాని ముసలాయన పొట్టలో పెద్ద గడ్డ ఉందని ఆసుపత్రికి మోసుకొస్తే, గొట్టం వేయగానే గడ్డ మాయమైన సందర్భాలు ప్రతి డాక్టరూ చెప్తాడు. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకు ముందు మూత్రంతో చేసే ప్రెగ్నెన్సీ పరీక్ష. అడిగితే కోపం తెచ్చుకోవద్దు.

చిన్న పిల్లాడికి స్నానం చేయిస్తుంటే పొట్టలో ఒక పక్క గట్టిగా తగిలిందా, ఇంటిల్లిపాదీ తలా ఒకసారి నొక్కి చూడకండి. అది కిడ్నీ గడ్డ అయితే నొక్కితే చితికే ప్రమాదం ఉంది. అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి పోవాలి.

అల్ట్రాసౌండా, సీటీనా

ప్రైవేటులో అల్ట్రాసౌండ్ వెయ్యి, పదిహేను వందల దగ్గర అయిపోతుంది, సీటీ వేలల్లో ఉంటుంది. ఖరీదైనదే మంచిదనుకుని "డైరెక్ట్ సీటీ తీయించండి సార్" అనే బంధువు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, గర్భిణికీ పిల్లలకూ చేయొచ్చు, నీళ్ళ తిత్తా గట్టి గడ్డా అన్నది బాగా చెప్తుంది, మనిషిని కదిలించి చూడొచ్చు. లోపం ఏమిటంటే పేగులో గాలి ఉంటే ఏమీ కనబడదు, లావు మనిషిలో మసకగా ఉంటుంది, చేసే చేతిని బట్టి ఫలితం ఉంటుంది. పై పొట్టకు ఆరు గంటలు తినకుండా పోవాలి, కింది పొట్టకు నీళ్ళు తాగి మూత్రం ఆపుకుని పోవాలి. ఈ రెండోది చెప్పకుండా పంపిస్తే బస్సు ఎక్కి వచ్చిన ఆడమనిషి మళ్ళీ రెండు గంటలు బాటిల్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

సీటీ ఎప్పుడంటే, అల్ట్రాసౌండ్‌లో గట్టి గడ్డ కనబడి అది ఎక్కడ పుట్టింది, ఎంత దూరం పాకింది తేల్చడానికి, పాత ఆపరేషన్ కుట్ల దగ్గర పెద్ద హెర్నియా ఉంటే ఆ సందు కొలతలు తీయడానికి, పేగు అడ్డం పడిందన్న అనుమానంలో. రక్తనాళంలోకి రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూడాలి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నామని చెప్పాలి. కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళు ఈ మాట దాచిపెట్టొద్దు. గడ్డ ఏమిటో అల్ట్రాసౌండే తేల్చేస్తే, కొవ్వు గడ్డ, మామూలు గజ్జ హెర్నియా లాంటివి, సీటీ డబ్బు దండగ.

రక్త పరీక్షల ప్యాకేజీలో "క్యాన్సర్ మార్కర్" అని ఒకటి అంటగడతారు. సీఏ 125 అనేది టీబీలోనూ, గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, నెలసరి సమయంలోనూ పెరుగుతుంది. స్కాన్‌లో గడ్డ చూడకుండా ఆ అంకె పట్టుకుని రాత్రంతా నిద్రపోకుండా టెన్షన్ పడ్డవాళ్ళను చూశాను.

ముక్క పరీక్ష విషయంలో మనోళ్ళకు భయం, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని. చాలా గడ్డలకు ఆ భయం అక్కర్లేదు, ముక్క తీయకుండా మందు మొదలుపెట్టలేరు. కానీ రెండు చోట్ల సూది గురించి ఆగి ఆలోచించాలి. ఒకటి, అండాశయంలో అనుమానం ఉన్న తిత్తి, దాన్ని పగలకుండా మొత్తంగా తీయడమే పద్ధతి. రెండు, లివర్‌లో హైడాటిడ్ తిత్తి, కుక్కల నుంచీ గొర్రెల నుంచీ తిరిగే పురుగుతో వచ్చేది, అనుమానించకుండా సూది గుచ్చితే ఒళ్ళంతా అలర్జీ ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు. పాలమూరు వైపు మందలు కాసేవాళ్ళు చాలామంది, డాక్టర్ అడగకపోయినా "మాకు గొర్లు, కుక్కలు ఉన్నయ్ సార్" అని చెప్పండి.

కుట్ల దగ్గరి గడ్డ

తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. గర్భసంచి ఆపరేషన్లు కూడా మన దగ్గర ఎక్కువే. కాబట్టి కుట్ల మీద ఉబ్బు అనేది ప్రతి వాడలో ఉన్న సమస్య. దగ్గితే వస్తూ పడుకుంటే పోయేది కుట్ల హెర్నియా. గట్టిగా, చిన్నగా ఉండి నెలసరి దగ్గర పడ్డప్పుడల్లా నొప్పి పెరిగే గడ్డ అయితే, అది కుట్లలో చిక్కుకున్న గర్భసంచి పొర కావచ్చు, హెర్నియా కాదు, వైద్యం వేరు. ఈ ఒక్క ప్రశ్న, "నెలసరికీ దీనికీ సంబంధం ఉందా", అడిగితే తేలిపోయేది అడగకపోవడం వల్ల ఏళ్ళు గడుస్తాయి, సిగ్గుపడి మనవాళ్ళూ చెప్పరు. ఇంకొకటి, కాన్పుల తర్వాత లేవబోతుంటే పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా లేచేది కండరాలు పక్కలకు జరగడం, అందులో గోడకు చిల్లు ఉండదు, పేగు ఇరుక్కోదు, దానికి ఆపరేషన్ తొందర లేదు.

జిల్లా ఆసుపత్రా, హైదరాబాదా

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో, సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక ఈ లెక్క మారింది. ఇదివరకు సర్జన్ ఉంటే మత్తు డాక్టర్ లేడనే మాట వినేవాళ్ళం. ఇప్పుడు గజ్జ హెర్నియా, బొడ్డు హెర్నియా, వరిబీజం, అపెండిక్స్, ఇవి చేయించుకోవడానికి హైదరాబాద్ పోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఓపీ దగ్గర పొద్దున గడిచిపోతుంది, నిజమే, ఎనిమిదిన్నరకే చీటీ రాయించుకోండి. భువనగిరి వైపు వాళ్ళకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. క్యాన్సర్ అని ముక్క పరీక్షలో తేలితే, లేదా పిల్లల పొట్టలో గడ్డ అయితే మాత్రం జిల్లాలో నాలుగు ఆసుపత్రులు తిరగకుండా నేరుగా హైదరాబాదే: పెద్దవాళ్ళ క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, లేదంటే నిమ్స్.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, కాబట్టి పాలమూరోళ్ళకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. మీ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వస్తుందో అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడగండి. నేను ముందు తీయించిన పనికిరాని స్కాన్ డబ్బులు మాత్రం మా జేబులోంచే పోయాయి.

ఆగుదామా, చేయించుకుందామా

నొప్పి లేని, లోపలికి పోయే గజ్జ హెర్నియా ఉన్న మగవాడికి ఆగడం కూడా ఒక దారే. అమెరికాలో 720 మంది మగవాళ్ళ మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఆగినవాళ్ళలో పేగు బిగుసుకుపోవడం చాలా అరుదు, ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరి కంటే తక్కువ. కానీ పదేళ్ళు గడిచేసరికి మూడింట రెండొంతుల మంది నొప్పితోనో మరోదానితోనో ఆపరేషన్ చేయించుకున్నారు. ఈ లెక్క ఆడవాళ్ళకు వర్తించదు, వాళ్ళ గజ్జల్లో తొడ మొదట్లో వచ్చే రకం త్వరగా బిగుసుకుంటుంది, తెలిసిన వెంటనే చేయించుకోవాలి. పసిపిల్లల గజ్జ హెర్నియా కూడా ఆగేది కాదు. బొడ్డుదైతే నాలుగైదేళ్ళకు చాలావరకు దానంతటదే పూడుతుంది, రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం వల్ల చర్మం పుండు కావడం తప్ప లాభం లేదు.

పైగా ఆ పరిశోధనలోని మనిషి కారెక్కి అరగంటలో ఆసుపత్రికి చేరేవాడు. మనోడు ముంబైలోనో పూణేలోనో కడుతున్న బిల్డింగ్ పన్నెండో అంతస్తులో ఉంటాడు, లేదా తాటిచెట్టు మీద ఉంటాడు. వలస పోయే ముందే, లేదా కల్లు సీజన్ ఆగినప్పుడు చేయించుకోమని నా సలహా. బెల్టు కట్టుకుని నెట్టుకొద్దామంటే, ఆపరేషన్‌కు పనికిరాని ముసలాయనకు సరే, మిగతావాళ్ళకు అది వాయిదా మాత్రమే.

కోతా, కెమెరానా (లాపరోస్కోపీ, చిన్న రంధ్రాలతో చేసేది) అన్నది చివరి ప్రశ్న, కానీ అందరూ మొదట అడిగేది అదే. ఒకే పక్క, మొదటిసారి వచ్చిన గజ్జ హెర్నియాకు మెష్ (వల లాంటి గుడ్డ) పెట్టి కోతతో చేసినా బాగానే ఉంటుంది, నడుముకు సూది ఇచ్చి చేసేయొచ్చు. రెండు పక్కలా ఉన్నా, కోతతో చేసినది మళ్ళీ వచ్చినా కెమెరా మేలు, పనికి కొంచెం ముందు పోవచ్చు, కానీ మొత్తం మత్తు కావాలి, రోజూ చేసే చెయ్యి కావాలి. ఫ్లోరైడ్‌తో వెన్ను గట్టిపడిన మర్రిగూడ వైపు పెద్దమనుషులు మత్తు డాక్టర్‌కు ఆ సంగతి ముందే చెప్పండి, నడుముకు సూది దూరడం కష్టం కావచ్చు. ఏ పద్ధతైనా దగ్గు, మలబద్ధకం, ముక్కి మూత్రం పోయడం ముందు తగ్గించుకోకపోతే మళ్ళీ వస్తుంది. మా నాన్నకు ముందు ప్రోస్టేట్ మందు పెట్టి, బీడీ మాన్పించి, రెండు నెలలకు చేశారు. బీడీ మాన్పించడమే ఆపరేషన్ కంటే కష్టమైంది.

వీటన్నిటినీ పక్కన పెట్టి వెంటనే పరుగెత్తాల్సిన సందర్భం ఒకటుంది. ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు పోకుండా గట్టిపడి, నొప్పి ఎక్కువై, వాంతులు మొదలై, గ్యాస్ గానీ మలం గానీ పోకపోతే, పేగుకు రక్తం ఆగుతున్నట్టు. గంటల లెక్క. తోసి లోపలికి నెట్టొద్దు, నీళ్ళు కూడా తాగించొద్దు, 108కు ఫోన్ చేసి సర్జన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికే తీసుకుపోవాలి, అక్కడ లేరని తెలిస్తే దారిలోనే రెండో ఆసుపత్రికి ఫోన్ కొట్టండి. రాత్రి రెండింటికైనా సరే, తెల్లారాక చూద్దామనుకోకండి.